నేల విడువని సాము: వికారాబాదు, తాండూరు సీమల ననుసరించిన యాత్మరక్షణ విద్యా విచారము

"నేల విడిచి సాము" అను పలుకుబడి మన భాషలో మిక్కిలి వాడుకలో నున్నది. ఆధారము లేని వాదమునకును, అనుభవము లేని యుపన్యాసమునకును దీనిని వర్తింపఁజేయుదుము. కాని యీ పలుకుబడిని మొదట గల్పించినవారు సాము నెఱిఁగినవారై యుండవలెను. కాలిక్రింది నేల యెట్టిదో చూచుకొనక చేసిన సాము, చేసినవానికే ముప్పు దెచ్చునని వారికిఁ దెలియును. నేఁడు సమగ్రశిక్షా పథకము క్రింద ప్రభుత్వ పాఠశాలలలో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకుఁ జదువు బాలికలకు మూఁడు నెలల యాత్మరక్షణ శిక్షణము విధింపఁబడినది. కరాటే, జూడో, టైక్వాండో మున్నగు విద్యలు అందుకై వాడుకలో నున్నవి. ఏ విద్య నేర్పవలె నను ప్రశ్నము ఉపాధ్యాయులకు నిత్యము కలుగునదే. ఈ ప్రశ్నమునకు మన పూర్వచరిత్రము కొంత సమాధానము నీయఁగలదని నా నమ్మకము. పండితులు దీనిని సావధానముగఁ బరిశీలింపఁ బ్రార్థించుచున్నాను.

మొదట నేలను జూతము. అనంతగిరి కొండలు మూసీనదికి జన్మస్థానము. ఆ ప్రాంతపు నీరే కాగ్నానదియై పడమటికిఁ బాఱి, తాండూరు ప్రక్కఁగాఁ బోయి భీమానదిఁ గలియును. రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము, నేఁటి మల్ఖేడు, ఈ కాగ్నాతీరముననే యున్నది. తాండూరు, కొడంగల్లు తాలూకాలు 1956వ సంవత్సరము వఱకు గుల్బర్గా జిల్లాలోనివి. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమునఁ దక్కిన గుల్బర్గా మైసూరునకుఁ బోఁగా, ఈ రెండును ఆంధ్రప్రదేశమునఁ గలిసినవి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన వికారాబాదు జిల్లా యేర్పడినది. పైగా వంశీయుఁడును, నిజాము ప్రధానమంత్రియు నైన వికారుల్ ఉమ్రా పేర వికారాబాదు వెలసినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వేసిన యినుపదారి యీ రెండు పట్టణములను హైదరాబాదునకుఁ గట్టిపెట్టినది. ఈ విధముగాఁ దెలుఁగు, కన్నడము, ఉర్దూ అను మూఁడు భాషలు కలసిన సీమ యిది. మూఁడు భాషలవారి సాములును నిక్కడఁ గలసినవి.

భాషనుండియే చరిత్రము నారంభింపవచ్చును. సాము శబ్దమును శ్రమశబ్దభవముగా గ్రహించుట యుక్తము. శస్త్రాభ్యాసమునకు శ్రమ మను పేరు సంస్కృతమునఁ గలదు. సాము చేయు చోటికి మనవారు గరిడి యనిరి. కన్నడమున నిదియే గరడి, మలయాళమునఁ గళరి. సంస్కృత నిఘంటువులలోని ఖలూరికా పదమును ఆయుధాభ్యాసభూమియను నర్థమిచ్చుచు వీనికి సమీపముననే నిలుచుచున్నది. తురకల రాకతోఁ దాలీము, అఖాడా, పహిల్వాను అను మాటలు వచ్చినవి. తాలీమనఁగా నరబ్బీలో శిక్షణము. ఉస్తాదనఁగా గురువు. ఈ ఉస్తాదు శబ్దము తెలుఁగున వస్తాదై, గురువను నర్థమును విడిచి, బలిష్ఠుఁడు, మల్లుఁడు అను నర్థమును బొందినది. కొన్నియెడల దుడుకువాఁడను నీచార్థమును గూడఁ దాల్చినది. గురువు మల్లుఁడై, మల్లుఁడు దుడుకువాఁడైన యీ యర్థపరిణామము చిన్నది కాదు. విద్య యెక్కడ నేర్పుదనమును విడిచి కేవల బలమైనదో, అక్కడ దానిపై లోకమునకు గౌరవము తగ్గె నని యీ యొక్క మాటయే సాక్ష్యము చెప్పుచున్నది.

ఇఁక శాస్త్రము. అగ్నిపురాణమునందలి ధనుర్వేదాధ్యాయములలో యుద్ధములను యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము అని విభజించి, వానికిఁ దారతమ్యముఁ జెప్పిరి. ధనుర్యుద్ధము శ్రేష్ఠము, ఈటెపోరు మధ్యమము, ఖడ్గయుద్ధము దానికి లోఁకువ, బాహుయుద్ధము అన్నిటికన్న నధమము. ఈ తారతమ్యమునకు మూలము దూరము. శత్రువు ఎంత దూరమున నుండఁగాఁ గొట్టఁగలమో యా విద్య యంత శ్రేష్ఠము. సేనకు నిది సత్యమే. సేన తన శత్రువును ముందే యెఱుఁగును. పోరుచోటును దాను గొంత యెన్నుకొనును. బాటసారి యట్లు కాఁడు. వానిపైఁ బడువాఁడు చెప్పి రాఁడు. చేరువకు వచ్చిన పిదపనే శత్రువని తెలియును. కావున శాస్త్రకారుఁ డధమమనిన బాహుయుద్ధమే యొంటరి మనుష్యునకు మొదటి యక్కఱ. శాస్త్రము తప్పని నేననను. శాస్త్రము రాజునకుఁ జెప్పినది, మన ప్రశ్నము ప్రజలది.

ఈ భేదము కల్యాణచాళుక్య చక్రవర్తి మూఁడవ సోమేశ్వరుని మానసోల్లాసమున మఱింత స్పష్టము. ఆయన రాజ్యకాలము 1126 నుండి 1138 వఱకు. కల్యాణము తాండూరునకు ననతిదూరమునందే యున్నది. ఆ గ్రంథమున వినోదవింశతి యను ప్రకరణమున శస్త్రవినోదము, అంకవినోదము, మల్లవినోదము వర్ణింపఁబడినవి. మల్లులను వయోబలముల ననుసరించి తరగతులుగా విభజించుట, వారి యాహారము, వారి యభ్యాసము, జోడు చూచి పోరు పెట్టుట మొదలగునవి యందున్నవి. ఇవి యన్నియు వినోదములనియే రాజు చెప్పినాఁడు గాని రక్షణోపాయములని చెప్పలేదు. సమానవయస్కులు, సమానబలులు, చదును చేసిన మెత్తని మట్టి, చూచువారు, నిలుపువాఁడు: వినోదమునకు నివి యన్నియుఁ గావలెను. ఆపదలో వీనిలో నొక్కటియు నుండదు. ఎనిమిదివందల యేండ్లక్రిందటి రాజునకుఁ దెలిసిన యీ భేదమును నేఁటి పోటీల కాలమున మనము మఱచుచున్నాము.

అయిన వినోదవిద్యను నిరర్థకమని త్రోసివేయుటయుఁ దప్పే. 1520 ప్రాంతమున విజయనగరముఁ జూచిన పోర్చుగీసువాఁడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల నిత్యాభ్యాసమును వ్రాసియున్నాఁడు. రాయలు తెల్లవాఱకముందే నువ్వులనూనెఁ ద్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, చేతులతో బరువు లెత్తి, కత్తిసాము చేసి, నూనె చెమటయై పోవు దాఁక శ్రమించి, పిదప నొక మల్లునితోఁ బెనఁగి, గుఱ్ఱమెక్కెడివాఁడు. పిమ్మట వచ్చిన నూనిజ్, రాజనగరిలో మల్లయుద్ధము చేయు స్త్రీలుండిరని చెప్పినాఁడు. పెనఁగులాటలో నెదిరివాఁడు నిజముగాఁ బ్రతిఘటించును. వాని బరువు, వాని వడి, వాని మోసము చేతికిఁ దెలియును. ఈ యనుభవమును గాలిలోఁ జేతులు విసరుట యీయఁజాలదు. కావున బలము, ఊపిరి, నిబ్బరము నలవఱుచు పునాదిగాఁ గుస్తీని మించినది మనదేశమున లేదు.

కాని యాపదలో మనుష్యు లెట్లు చచ్చిరి, ఎట్లు బ్రతికిరి? దీనికి సాక్ష్యములు వీరగల్లులు. తెలంగాణమునఁ బెక్కు గ్రామముల పొలిమేరలలో నివి నిలిచియున్నవి. ఆలమందలను మరలించుచు, గ్రామమును గాచుచుఁ గూలినవారిని విల్లు, ఈటె, కత్తి, బాకులతోఁ జెక్కిరి. ఈ శిల్పములను జూచినప్పుడు నాకుఁ దోఁచున దిది: వీరుఁడు తన యిష్టము వచ్చిన యాయుధముతోఁ గాక, చేతనున్న యాయుధముతోఁ బోరినాఁడు, తానొక్కఁడై పలువురి నెదిర్చినాఁడు, రక్షించినది తన్నుఁ గాదు, తన మందను, తన యూరిని. లోకము రాతఁ జెక్కి నిలిపినది కూలినవారినే కాని, తప్పించుకొని యింటికిఁ జేరినవారిని గాదు. కీర్తికి వీరగల్లు మేలు. ఆత్మరక్షణకు ఇల్లు చేరుటయే జయము. ఈ రెండు ధర్మములను గలిపి విద్యార్థికి బోధించుట ప్రమాదము.

మఱియొక సాక్ష్యము థగ్గుల చరిత్రము. నిజాము కొలువునఁ బనిచేసిన మెడోస్ టైలరు 1839లో థగ్గు నొకని వాంగ్మూలరూపమున నవలను బ్రకటించెను. 1830 తరువాత స్లీమను నాయకత్వమున వారిని బట్టి శిక్షించిన వృత్తాంతము సుప్రసిద్ధము. వారి పద్ధతి యేమి? త్రోవలో బాటసారులతో స్నేహముఁ గట్టుదురు. కలిసి తిందురు, కలిసి నడతురు. దొంగలభయము కలదు గావునఁ గూడి పోవుట మేలని తామే హెచ్చరింతురు. అనువైన చోటు రాఁగానే యొకఁడు చేతులు పట్టఁగా, వేఱొకఁడు కాళ్లు పట్టఁగా, మూఁడవవాఁడు రుమాలుతో గొంతు బిగించును. కత్తులు దాల్చిన సిపాయిలును వీరిచేతఁ జచ్చిరి. వారికి సాము రాక కాదు. శత్రువును మిత్రుఁడని నమ్మిన క్షణముననే వారి విద్య యోడిపోయినది. ఆత్మరక్షణలో మొదటి పాఠము చేతిది కాదు, కంటిది. ఈ మాటకు థగ్గుల కథకన్న దృష్టాంతము వేఱొకటి యక్కఱలేదు.

ఇప్పుడు సీమలోని దేశీయవిద్యలను బోల్చి చూతము. కుస్తీ, కఱ్ఱసాము, కత్తిసాము అనునవి ముఖ్యమైనవి. హైదరాబాదునఁ దాలీముఖానాలు ప్రసిద్ధములు. నిజాము కొలువునకు వచ్చిన యరబ్బుల సంతతివారు నివసించు బార్కసు మల్లులకుఁ బేరొందినది. పల్లెలలోఁ గఱ్ఱసాము, కత్తిసాము పీర్లపండుగకును, దసరాకును, ఊరేగింపులకును బ్రదర్శింపఁబడుచు వచ్చినవి. హిందువులు, ముసల్మానులు నొక్క వస్తాదు వద్ద నేర్చుట వింత కాదు. అయితే ప్రదర్శనము విద్యకు నొక హాని చేసినది. చూచువారికి నచ్చు త్రిప్పులు నిలిచినవి. నచ్చని సూటిపోట్లు మఱుగుపడినవి. వినోదము రక్షణమును మ్రింగుట కిది రెండవ యుదాహరణము.

కత్తిసాము నేఁటి ప్రజకుఁ బనికిరాదు. కత్తి చేతఁబట్టి బజారునకుఁ బోరాదు. కుస్తీని గూర్చి పైనఁ జెప్పితిని. దాని లోపము నేలకు సంబంధించినది. తాలీములో మట్టిని ద్రవ్వి మెత్తఁగాఁ జేయుదురు. తాండూరు సీమలో నేల యనఁగా నాపరాయి. ఇంటిలో నాపరాయి, వాకిట నాపరాయి, గోడయు నాపరాయియే. ఆ రాతిపైఁ బడినవాఁడు వస్తాదైనను లేవఁజాలకపోవచ్చును. పడవేసినవాఁడు హంతకుఁడగు భయమును గలదు. మఱియు నొక్కనితోఁ బెనఁగుచు నేలఁగఱచి యుండఁగా రెండవవాఁడు కాలితోఁ దన్నును. కావునఁ గుస్తీనుండి నిలుకడను, పట్టు విడిపించుకొనుటను, పడినప్పుడు తల గాచుకొనుటను దీసికొని, నేలపైఁ బెనఁగుటను గోదాకే విడుచుట మేలు.

కఱ్ఱసాము మాట వేఱు. కఱ్ఱ గొల్ల కుఱుమలకు నిత్యసహచరము. పాముకు, కుక్కకు, వాఁగు లోఁతు చూచుటకు నుపయోగపడును. "కఱ్ఱ యున్నవానిదే బఱ్ఱె" యను సామెత యిట్టి బ్రతుకునుండియే పుట్టినది. అగ్నిపురాణపుఁ దారతమ్యమునఁ జూచినను, ఇది బాహువునకును ఈటెకును నడుమ నిలుచును. చేరువ శత్రువును దూరమున నిలిపియుంచును. పలువురు చుట్టుముట్టినప్పుడు త్రిప్పుట పనికివచ్చును. ఇఱుకు సందులలోఁ ద్రిప్పఁజాలము గావునఁ బోటు పనికివచ్చును. అడుగు వేయుట, అడుగు తీయుట అను రెంటిపై నీ విద్య యంతయు నాధారపడియున్నది. ఈ యడుగే చేత కఱ్ఱ లేనప్పుడును గాపాడును. గొడుగు, చేతిసంచి, పొలములోని పారకామ యేది దొరకినను ఆ చేయే పనిచేయును. 1959 నాఁటి యాయుధచట్టము గృహ వ్యవసాయ వస్తువులను, లాఠీని, సామాన్యమైన చేతికఱ్ఱను ఆయుధనిర్వచనమునుండి తొలఁగించుట యిచట స్మరింపఁదగినది.

కఱ్ఱకుఁ గల బలమును, దాని మేరయు 1946లో జనగామ తాలూకాలోఁ దేటపడినవి. సంఘము వారు గుత్పలు, వడిసెలలు చేఁబూని దేశముఖుల మనుష్యుల నెదిరించిరి. స్త్రీలు రోఁకండ్లు పట్టిరి, కారపుఁబొడి చల్లిరి. ఇవి శాస్త్రమునఁ జెప్పిన యాయుధములు కావు. నిత్యము చేయి యలవాటుపడిన పనిముట్లు. రోఁకటిపోటు వేసిన భుజమునకు వేఱ సాము నేర్ప నక్కఱలేదు. కాని యా యేఁటి జూలై 4వ తేదీన కడివెండిలో దేశముఖు మనుష్యుల తుపాకి గుండునకు దొడ్డి కొమరయ్య కూలెను. తుపాకికిఁ గఱ్ఱసాము బదులు చెప్పఁజాలదు. ఏ సామును జెప్పఁజాలదు. విద్య యెంతవఱకుఁ గాచునో, ఎచ్చటఁ గాచదో రెండును జెప్పని గురువు శిష్యుని మోసగించినవాఁ డగును.

విదేశవిద్యలను గూర్చియు నించుక చెప్పవలెను. జపానున జిగోరో కానో 1882లోఁ గొడొకాన్ స్థాపించి, పూర్వపు జుజుత్సు పట్లలో మిక్కిలి యపాయకరములైనవానిని అభ్యాసమునుండి తొలఁగించి, పూర్ణబలముతో నెదిరించు తోడివానిపై నభ్యసింపఁదగినవానిని జూడోగాఁ గూర్చెను. చెప్పిన పట్లు ఎక్కువ గల పాతవిద్యకన్న, చేసి చూచిన పట్లు తక్కువ గల క్రొత్తవిద్య బలవత్తరమైనది. 1929లో రవీంద్రనాథ ఠాకూరు షింజో తకగాకి యను జూడోగురువును శాంతినికేతనమునకు రప్పించెను. ఇంగ్లండులో నోటుహక్కుకై పోరాడిన స్త్రీలకు ఈడిత్ గారడ్ జుజుత్సు నేర్పెను. ఓకినావానుండి వచ్చిన ఫునకోషి 1922లోఁ గరాటేను టోకియోవారికిఁ జూపెను. ఈ విద్యలలో నేదియుఁ గీడు కాదు. ఏ విద్య యను ప్రశ్నముకన్న, ఎట్లు నేర్పుదురను ప్రశ్నము పెద్దది. ఎదిరించు తోడివాఁడు లేక, వరుసలు కట్టి గాలిని గ్రుద్దించు శిక్షణము ఏ పేర నడిచినను నేల విడిచిన సామే.

బాలికల విషయమున నీ మాట మఱింత సత్యము. మనదేశమున నమోదగు నత్యాచారములలో నత్యధికభాగమున నిందితుఁడు ముందే తెలిసినవాఁడు. చుట్టము, పొరుగువాఁడు, పరిచితుఁడు. ఇది థగ్గుల పద్ధతియే. రుమాలు మాత్రము మాఱినది. కెనడా దేశమున మూఁడు విశ్వవిద్యాలయములలో 893 మంది విద్యార్థినులపై జరిపిన పరిశోధనము 2015లోఁ బ్రకటింపఁబడినది. పండ్రెండు గంటల శిక్షణమున ఆపదను గుర్తించుట, పరిచితుని యొత్తిడిని నిస్సంకోచముగ నిరాకరించుట, పిదపఁ జేతిపోరు నేర్పిరి. ఏఁడాదిలో అత్యాచారమునకు లోనైనవారు శిక్షణము లేనివారిలో నూటికి 9.8 గా నుండఁగా, శిక్షితలలో 5.2 మాత్రమే. ఇది యే వస్తాదుతనమువలనఁ గలిగినది కాదు. పెద్దవాఁడు, ఇంటివాఁడు అను మొగమాటమును జయించుట యిందులోఁ బ్రధానభాగము. మన పాఠశాలలలోఁ దలవంచి నడువుమని పదేండ్లు నేర్పి, మూఁడు నెలలు పిడికిలి బిగించు టెట్లో నేర్పిన ఫలమేమి? పిడికిలికన్న ముందు గొంతు విప్పుట నేర్పవలెను.

తుదకు ధర్మము. ఆతతాయిని వధించుట దోషము కాదని మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమునఁ జెప్పినది. 1860 నాఁటి శిక్షాస్మృతి 96 నుండి 106 వఱకుఁ గల సెక్షనులలో నాత్మరక్షణాధికారము నిరూపింపఁబడెను. దానికి బదులుగా 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో నిది 34 నుండి 44 వఱకు నున్నది. ఒడలిని గాచుకొనుటకును, పరులను గాచుటకును, సొత్తును గాచుటకును హక్కు కలదు. కాని రక్షణకుఁ గావలసినదానికన్న నెక్కువ హాని చేయ హక్కు లేదు. అధికారుల సాయమునకు వ్యవధి యున్నప్పు డీ హక్కు లేదు. పాము చావవలెను, కఱ్ఱ విఱుగరాదు అను లోకోక్తి యీ న్యాయమునకు వ్యాఖ్యానము వలె నున్నది. పడిపోయిన శత్రువును మరలఁ గొట్టినవాఁడు రక్షకుఁడు కాఁడు. ఇది నేర్పని శిక్షణము శిష్యుని నాసుపత్రినుండి తప్పించి చెఱసాలకుఁ బంపును.

పైవిచారముచేత నాకుఁ దోఁచిన నిర్ణయ మిది. వికారాబాదు, తాండూరు పాఠశాలలలో నాత్మరక్షణవిద్య నాలుగు మెట్లుగా నుండవలెను. మొదటిది చూపు: చోటును, మనుష్యుని, తప్పించుకొను దారిని గుర్తించుట. రెండవది నోరు: నిరాకరించుట, కేకవేయుట, పెద్దలకుఁ జెప్పుట. మూఁడవది ఒడలు: కుస్తీనుండియో జూడోనుండియో తీసికొన్న నిలుకడ, పట్టు విడిపించుకొనుట, పడుట, అన్నియు నెదిరించు తోడివారితోఁ జేసి చూచినవి. నాలుగవది కఱ్ఱ: అడుగు, అడ్డు, పోటు. ఈ నాలుగవదానికి గురువులు పరదేశమునుండి రావలసిన పని లేదు. పీర్లపండుగలలోఁ గఱ్ఱ త్రిప్పు వృద్ధులు మన గ్రామములలో నింకను నున్నచో, వారి త్రిప్పులను గాక వారి యడుగులను వ్రాసికొని భద్రపఱచుట మనవంటి పరిశోధకుల విధి. తాళపత్రములను వెదకి కాపాడిన మనము, ఒడలియందు వ్రాయఁబడిన యీ గ్రంథములను వెదకకున్నచో, అవి యా ఒడళ్లతోడనే దహింపఁబడును.

సామునకు నేల ముఖ్యము. తాండూరు నేల రాతినేల. దానిపై నిలిచి, పడక, ఇల్లు చేరుటకుఁ దోడుపడు విద్యయే యిక్కడి బిడ్డలకు మేలైన విద్య. ఇందలి గుణదోషములను విజ్ఞులు తెలియఁజేయుదురు గాక.